ఇంటిపేరు గడి

రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించుతాను.
కంచరపాలెం మెట్ట మీద ఎవరింట్లోనో
కుక్కర్ మూడో కూత వేస్తుంది.
జిరాక్స్ మిషన్ ఇంకా వెచ్చగానే ఉంటుంది,
పొద్దుట్నుంచీ ఊరందరి ఇంటిపేర్లూ మింగిన పొట్ట.

ఆధార్‌లో బోర, పాసుబుక్కులో బోరా,
రేషన్ కార్డులో బొర్రా.
ముగ్గురూ ఒక్క మనిషే అని
నోటరీ దగ్గరికి పరిగెత్తేవాళ్లని చూసి
పగలంతా లోపల్లోపల నవ్వుకుంటాను.
రాత్రి నా వంతు.

కర్రి, అని కొట్టాను మొదటి రోజు.
తెర నిండా కోడికూరలు, గోవా చేపల కర్రీలు.
మూడో రాత్రికి గానీ
పాత కాగితాలు దాచిన గూటికి దారి దొరకలేదు.
నెలకి ఇంతని కట్టాను. మా ఆవిడకి చెప్పలేదు.

వాళ్ల లెక్కలో ఇంటిపేరు చివర్న రావాలి.
మనది పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటు,
మనిషికి ముందు నడుస్తుంది.
తిరగేసి వెతికాను. ముక్కలు చేసి వెతికాను.
కె. అప్పలస్వాములు నూట పద్నాలుగు మంది!
ఆ కె వెనక కోడా ఉన్నాడో కిల్లాడ ఉన్నాడో,
ఒక్క అక్షరం తలుపు,
లోపల్నుంచి గడియ.

మా నాన్న నాకిచ్చిన ఆస్తి ఒక్క ముక్కే:
ముత్తాత రంగం పోయాడు.
అప్పటికింకా రేవు తవ్వలేదట.
ఓడ దూరంగా నిలబడితే
జాలర్ల పడవల మీద తీసుకెళ్లి ఎక్కించేవారట.
ఎక్కాడో, ముందే వాంతులు చేసుకున్నాడో
చెప్పినవాళ్లు లేరు.

పదిహేడో రాత్రి దొరికాడు.
చెదలు కొరికిన రిజిస్టరు పుట,
దానికెవరో తీసి పెట్టిన ఫొటో, గొలుసుకట్టు ఇంగ్లీషు.
పేరు అప్పలస్వామి. తండ్రి పైడయ్య.
ఊరు మధురవాడ. వయసు ఇరవై, అంచనా.
కుడి చెంప మీద మచ్చ.
(అద్దంలో చూసుకున్నాను. లేదు.)
పెళ్లాం పేరుకి గడే లేదు.
ఇంటిపేరుకి గడి ఉంది, ఖాళీగా.
దాని పక్కది, ఒంటి రంగు.
అందులో ఉంది:
కర్రి.

ఆ మాటకి గుమస్తాకి ఇంగ్లీషు తోచలేదేమో,
వెనక వరస పొడుగ్గా ఉందేమో,
విన్నది విన్నట్టు రాసి పడేశాడు.

కర్రావు, కర్రి మబ్బు, కర్రి పిల్ల.
మా నాయనమ్మ నోట్లో అది వట్టి నలుపు.
నీ రంగేంట్రా అని అడిగితే
ఇసకలో కాళ్లు కాలుతూ నిలబడ్డ కుర్రాడు చెప్పిన జవాబు
ఏ బియ్యం మిల్లు జీతాల చిట్టాలోనో
ఒక గడి ఇటు జరిగి
మా పెళ్లి శుభలేఖల మీద, టెన్త్ సర్టిఫికెట్ల మీద,
మా తమ్ముడి ఆటో వెనకద్దం మీద
ఇంటిపేరై కూర్చుందా?
లేకపోతే అతను నిజంగా కర్రివారి పిల్లాడే,
గుమస్తాయే గడి తప్పాడా?

చిట్టివలస మేనత్త ఎరకమ్మకి ఫోన్ చేశాను.
ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వింది.
"నలుపని రాస్తే ఏటయిందిరా,
తెలుపని రాస్తే గదా అబద్ధం!"
నవ్వాపి, కాసేపటికి,
"ఆ మచ్చ మీ పెద్దనాన్నకుండేది" అంది.

పుట ప్రింటు తీశాను. టోనర్ అయిపోవస్తోంది.
చెద తిన్న చోట కూడా నల్లగానే పడింది.

పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి
బోర తవిటమ్మ మెట్టు మీద కూర్చునుంది,
మందుల షాపు సంచిలో మూడు కార్డులు.
ఏది ఉంచమంటావమ్మా, అన్నాను.
నవ్వు రాలేదు ఇవాళ.
ఆమె కార్డుల్ని కొంగుతో తుడిచి
ఒక్కోటీ బల్ల మీద పెట్టింది.
"నానేటెరుగుదును బావూ.
ఏ పేరుకి పింఛనొస్తాదో
ఆ పేరే రాసీ."